షేక్‌స్పియర్ రాయలేదా? తేదీలు చూడండి

'అనానిమస్' సినిమా చూసిన మీ అమ్మాయి, షేక్‌స్పియర్ నాటకాలు వేరే ఎవరో రాశారని వాదిస్తోందని, ఏం చెప్పాలని అడిగారు కదండీ. టెన్షన్ పడకండి. సినిమాలో అసలు రచయితగా చూపిన ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ అనే ఇంగ్లీషు ప్రభువు 1604లోనే చనిపోయాడు. షేక్‌స్పియర్ నాటకం 'టెంపెస్ట్'కి మాత్రం 1609లో బెర్ముడా దగ్గర జరిగిన ఓడ ప్రమాదం కబుర్లు ఆధారమని ఎక్కువమంది పండితుల మాట. అంటే అది ఎర్ల్ పోయాక రాసిన నాటకమన్నమాట.

నాకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం 1616 నాటి షేక్‌స్పియర్ వీలునామా. అందులో వరుసల మధ్య ఇరికించి రాసిన ఒక మాట ఉంది: తోటి నటులు ముగ్గురికి, ఉంగరాలు కొనుక్కోమని, తలా 26 షిల్లింగుల 8 పెన్నీలు. వాళ్లలో హెమింజెస్, కాండెల్ ఇద్దరూ 1623లో ఆయన నాటకాలను ఆయన పేరుతోనే అచ్చు వేయించారు. ఏళ్ల తరబడి ఒకే స్టేజీ మీద కలిసి పనిచేసినవాళ్లకు ఎవరు రాశారో తెలియకుండా ఉంటుందా? మీ అమ్మాయిని ఇదే అడగండి.