సేవలోకి కొత్తగా వచ్చిన తమ్ముడికి: ఏ పుస్తకాలు, ఎలా చదవాలి

ప్రియమైన తమ్ముడికి, ప్రభువు నామంలో వందనాలు.

ఏం చదవాలో ఒక లిస్టు పంపండి అన్నయ్యా అని అడిగావు. పేర్లు రాసి పంపడం పెద్ద పనేం కాదు. కానీ వట్టి పేర్లు పంపిస్తే అన్నీ ఒకేసారి మొదలుపెట్టి ఏదీ పూర్తి చేయవేమోనని నా భయం. అందుకే ఏ పుస్తకం దేనికి పనికొస్తుందో, ఎలా చదవాలో కూడా రాస్తున్నాను. కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదువు.

చాలామంది పాస్టర్లకి వచ్చే ఆదివారం ప్రసంగానికి ఏం దొరుకుతుందా అని చూస్తూ పుస్తకం తెరిచే అలవాటు ఉంటుంది. శనివారం రాత్రి టెన్షన్‌లో రెండు ఉదాహరణలు, మూడు పాయింట్లు ఏరుకుని మూసేస్తారు. దాంతో ఆ ఆదివారం ఎలాగో గడిచిపోతుంది. కానీ బిడ్డను పోగొట్టుకున్న తల్లి పక్కన కూర్చోవాల్సిన రోజు వస్తుంది చూడు, ఆ రోజు లోపల వెతుక్కుంటే ఏమీ దొరకదు. నువ్వు చదివేది ముందు నీలోకి దిగాలి తమ్ముడూ. ప్రసంగానికి కావలసింది అందులోంచి దానంతటదే వస్తుంది. ఈ ఉత్తరంలో నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

బైబిల్ గురించి నాకు వేరే చెప్పాలా అనుకోకు, చెప్పాలి. ప్రసంగంతో సంబంధం లేకుండా, నోట్సు రాసుకోకుండా, ఒక పత్రికను, అంటే అపొస్తలులు రాసిన ఒక ఉత్తరాన్ని, మొదటి నుంచి చివరి దాకా లేవకుండా చదువు. తిమోతికి రాసిన రెండు పత్రికలు, తీతు పత్రిక అలా పదే పదే చదవాలి. చెరసాలలో ఉన్న పౌలు, తాను వెళ్ళిపోయే కాలం దగ్గరపడిందని రాసిన అధ్యాయంలోనే, వచ్చేటప్పుడు అంగీని, పుస్తకాలని, ముఖ్యంగా చర్మపు కాగితాలని తెమ్మని తిమోతిని అడిగాడు. అంత పెద్ద అపొస్తలుడికి చివరి రోజుల్లో కూడా పుస్తకాలు కావలసి వచ్చాయి. ఇక యోబు గ్రంథం. అన్నీ పోగొట్టుకున్న యోబుని ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడలేదు, అంతవరకు బాగానే చేశారు. నోరు తెరిచాకే చెడింది. వాళ్ళన్న మాటల్లో చాలావాటిని విడిగా తీసి చూస్తే తప్పు పట్టలేం, అయినా చివర్లో దేవుడు వాళ్ళమీదే కోపపడ్డాడు. సిద్ధాంతం తెలిసినవాడు దుఃఖంలో ఉన్న మనిషి దగ్గర ఎంత క్రూరంగా మారిపోగలడో ఆ గ్రంథం చూపించినట్టు ఇంకేదీ చూపించదు. ప్రతి ఏడాదీ ఒకసారి చదువు.

సేవ గురించిన పుస్తకాల్లో నేను ముందు నీ చేతిలో పెట్టేది పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్ పాస్టర్ రిచర్డ్ బాక్స్టర్ రాసిన ‘ది రిఫార్మ్‌డ్ పాస్టర్’. 1655 డిసెంబర్‌లో ఇంగ్లండ్‌లోని వూస్టర్‌లో సేవకుల కూడిక ఒకటి జరిగింది. ఆయన అక్కడ మాట్లాడాలి, కానీ జబ్బుచేసి వెళ్ళలేకపోయాడు. చెప్పాలనుకున్నదాన్ని పెంచి రాసి 1656లో పుస్తకంగా వేశాడు. ఆయన సేవ చేసిన కిడ్డర్‌మిన్‌స్టర్ అనే ఊళ్ళో 800 పైగా కుటుంబాలుండేవి. సోమవారం, మంగళవారం పొద్దున్నుంచి దాదాపు రాత్రి వరకూ ఆయనా, ఆయన సహాయకుడూ ఒక్కో కుటుంబంతో కూర్చుని విశ్వాసం గురించి మాట్లాడేవాళ్ళు, ఏడాది తిరిగేసరికి అందరితో మాట్లాడటం పూర్తి కావాలని. అప్పుడు ఆయనకి ఏం తెలిసిందో చూడు. ఎనిమిది, పదేళ్ళుగా తన ప్రసంగాలు వింటున్నవాళ్ళలోనే కొందరికి క్రీస్తు దేవుడా మనిషా అన్నది కూడా తెలియదు! పదేళ్ళ ప్రసంగాల్లో గ్రహించనిది కొందరు అరగంట దగ్గర కూర్చుని మాట్లాడితే గ్రహించారని కూడా రాశాడు. ఇది చదివాక నీ సంఘంలో వెనక వరుసలో కూర్చునేవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే గుర్తుచేసుకో. వాళ్ళలో ఎవరితో నువ్వు ఒక అరగంట విడిగా మాట్లాడావు? పుస్తకం మొదటి భాగమంతా పాస్టర్ తన్ను తాను చూసుకోవడం గురించే, అది చాలా గట్టిగా తగులుతుంది. గబగబా దాటిపోకు.

దాని తర్వాత గ్రెగొరీ ‘పాస్టోరల్ రూల్’. క్రీ.శ. 590లో ఆయన్ని రోమ్ బిషప్‌గా ఎన్నుకుంటే తప్పించుకోవాలని చూశాడు. ఆ భారం ఎంతటిదో చెబుతూ రాసిన పుస్తకం ఇది. నేర్చుకోకుండా ఏ విద్యనీ బోధించడానికి ఎవరూ సాహసించరు కదా, మరి ఆత్మల్ని నడిపించే పనికి ఏమీ నేర్చుకోకుండా ఎలా వస్తారని మొదట్లోనే నిలదీస్తాడు. మూడో భాగం అసలైన గని. పేదవాళ్ళతో ఎలా మాట్లాడాలి, ధనవంతులతో ఎలా, సంతోషంగా ఉన్నవాళ్ళతో, దిగులుగా ఉన్నవాళ్ళతో, అసలు నోరు విప్పనివాళ్ళతో, వాగుతూనే ఉండేవాళ్ళతో ఎలా అని జతలు జతలుగా చెప్పుకుంటూ పోతాడు. ఒకరికి మందైన మాట ఇంకొకరికి విషమవుతుందన్నది అతని పట్టు. రోజుకి ఒక్క జత చదివి, ఆ రకం మనిషి నీ సంఘంలో ఎవరా అని ఆలోచించి, వాళ్ళ కోసం ప్రార్థన చేసి లే. ఆ భాగానికి నెల పైనే పడుతుంది, పట్టనీ.

నీ మనసు గురించి కూడా చదవాలి. పొగడ్త రుచి మరిగిన ప్రసంగీకుడి గతి ఏమవుతుందో తొలి శతాబ్దాల గొప్ప ప్రసంగీకుడు జాన్ క్రిసొస్టమ్ ‘ఆన్ ది ప్రీస్ట్‌హుడ్’ ఐదో భాగంలో రాశాడు. నీకిప్పుడే “వాక్యం బాగా చెబుతాడు” అన్న పేరు వస్తోందని విన్నాను కాబట్టి, ఆ భాగం మాత్రం తప్పకుండా చదువు. నీరసించిపోయిన రోజుల కోసం పంతొమ్మిదో శతాబ్దపు లండన్ పాస్టర్ స్పర్జన్ తన విద్యార్థులకి చేసిన ఉపన్యాసాలున్నాయి. వాటిలో సేవకుడి కుంగుబాటు మీద ఒకటుంది. వేలమంది వినడానికి వచ్చే ప్రసంగీకుడు తానే ఆ చీకట్లో ఉన్నానని దాచకుండా చెప్పాడు. అలాంటి రోజు నీకూ వస్తుంది. వచ్చినప్పుడు వెతుక్కోవడం కాదు, ముందే చదివి పెట్టుకో.

సిద్ధాంతం విషయానికొస్తే, చాలామంది లావుపాటి పుస్తకంతో మొదలుపెట్టి నూరు పేజీల్లో ఆగిపోతారు. నువ్వు చిన్నదానితో మొదలుపెట్టు. నాలుగో శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్‌గా ఉన్న అథనాసియస్ రాసిన ‘ఆన్ ది ఇన్‌కార్నేషన్’ చాలా చిన్నది. వాక్యము, అంటే దేవుని కుమారుడు, శరీరధారి ఎందుకు కావలసి వచ్చిందన్న ఒక్క ప్రశ్న పట్టుకుని చివరిదాకా వదలడు. ఇది ఏదో తీరిక దొరికిన పండితుడి రాత అనుకోకు, క్రీస్తు దైవత్వం విషయంలో రాజీపడనందుకు ఐదుసార్లు బహిష్కరణ పాలైన మనిషి ఆయన. ఈ పుస్తకానికి 1944లో వచ్చిన ఇంగ్లీషు అనువాదానికి రచయిత సి. ఎస్. లూయిస్ ముందుమాట రాస్తూ, ఒక కొత్త పుస్తకం చదివాక పాతది ఒకటి చదవందే మళ్ళీ కొత్తది పట్టుకోవద్దని, అది కష్టమైతే మూడు కొత్తవాటికి ఒక పాతదైనా చదవమని సలహా ఇచ్చాడు. నాకు తెలిసి చదువు గురించి ఇంతకంటే మంచి నియమం లేదు. ప్రతి కాలానికీ తనకి కనబడని తప్పులుంటాయి, పాతవాళ్ళు వాటిని పట్టిస్తారు.

పదహారో శతాబ్దపు సంస్కర్త కాల్విన్ రాసిన ‘ఇన్‌స్టిట్యూట్స్’ చూసి బెదిరిపోకు. 1536లో ఆరు అధ్యాయాలతో మొదలైంది, 1559 నాటికి నాలుగు పెద్ద భాగాలు (వాటినే పుస్తకాలంటారు), 80 అధ్యాయాలు అయింది. మూడో పుస్తకంలో 20వ అధ్యాయం ప్రార్థన మీద ఉంది, అక్కడ మొదలుపెట్టు. కాల్విన్ అంటే రక్షణ ఎవరికో దేవుడు ముందుగా నిర్ణయించడం గురించి వాదించేవాడు మాత్రమే అనుకునేవాళ్ళు ఈ అధ్యాయం చదవలేదని అర్థం. ఆయనతో ఒప్పుకోని చోట్లు నీకు ఉంటాయి, ఉండనీ. నీ డినామినేషన్ (సంఘశాఖ) వాళ్ళని మాత్రమే చదివితే నీకు ముందే తెలిసిన మాటలే మళ్ళీ మళ్ళీ వింటావు, అంతకు మించి ఏమీ రాదు. అగస్టీన్ ‘కన్ఫెషన్స్’ కూడా సిద్ధాంతం కిందే లెక్క వేస్తాను నేను. అందులోని పదమూడు భాగాలూ దేవుడితో మాట్లాడుతూనే రాశాడు కాబట్టి, సిద్ధాంతం ప్రార్థనగా ఎలా మారుతుందో అక్కడ కనబడుతుంది. ఈ కాలం వాళ్ళలో ప్యాకర్ ‘నోయింగ్ గాడ్’, స్టాట్ ‘ది క్రాస్ ఆఫ్ క్రైస్ట్’ చాలు ప్రస్తుతానికి. సంఘాన్ని ఇన్ని నెలల్లో రెట్టింపు చేయండి అనే పుస్తకాలు ఎవరైనా ఇస్తే థ్యాంక్స్ చెప్పి పక్కన పెట్టు. గ్రెగొరీనీ బాక్స్టర్‌నీ చదివినవాడికి వాటిలో నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు.

జర్మన్ పాస్టర్ బాన్‌హోఫర్ రాసిన ‘లైఫ్ టుగెదర్’ మాత్రం ఒంటరిగా చదవకు. ఫింకెన్‌వాల్డేలో ఆయన నడిపిన సెమినరీని (పాస్టర్ల శిక్షణ పాఠశాలని) 1937లో నాజీ పోలీసులు మూసేశారు, అక్కడ అందరూ కలిసి బతికిన అనుభవంలోంచి 1939లో ఈ పుస్తకం వచ్చింది. సహోదరులకి మనం చేయవలసిన మొదటి సేవ వాళ్ళు చెప్పేది వినడమే అంటాడు. మాట్లాడటమే పనిగా ఉన్న మనలాంటివాళ్ళకి అది మింగుడుపడదు. నీలాగే కొత్తగా సేవలో ఉన్న ఇద్దరు ముగ్గురిని కలుపుకుని వారానికి కొన్ని పేజీల చొప్పున చదవండి, చదివినదాని గురించి నిజాయితీగా మాట్లాడుకోండి.

పొద్దున్నే, ఫోన్ చేతిలోకి తీసుకోకముందు అరగంట చాలు. పెన్సిల్ పెట్టుకో, కానీ ప్రసంగానికి పనికొచ్చే వాక్యం కింద గీత గీయకు, నిన్ను ఇబ్బంది పెట్టిన వాక్యం కింద గీయి. ఈ సోమవారమే బాక్స్టర్ మొదలుపెట్టు. మొదటి భాగం అయ్యాక నీ గీతలు ఎక్కడెక్కడ పడ్డాయో నాకు రాయి, తర్వాత ఏది చదవాలో అది చూసి చెబుతాను.

ప్రార్థనలతో,
నీ అన్నయ్య