బొమ్మలో తిండి: ఏం చూడాలి, ఎలా చూడాలి?

ప్రశ్న: స్పెయిన్ చిత్రకారుడు హువాన్ సాంచెజ్ కోతాన్ 1602 ప్రాంతంలో వేసిన బొమ్మ ఒకటి మా పాఠంలో ఉంది. కిటికీలో క్విన్స్ పండు, క్యాబేజీ దారాలకు వేలాడుతుంటాయి. గట్టు మీద కోసిన ఖర్బూజ, కీరదోస. అంతే. అందరూ ‘వైరాగ్యం’ అని రాస్తున్నారు. నిజమేనా?
– ఒక విద్యార్థిని, కల్వకుర్తి

జవాబు: తొందరపడకండి. కోతాన్ 1603లో మాంసం ముట్టని కార్తూసియన్ అనే క్రైస్తవ సన్యాసుల్లో చేరాడు, ఆ మాట అక్కడి నుంచి వచ్చింది. ఈ బొమ్మ అంతకు ముందుది. పైగా 1602లోనే ఇలాంటి కిటికీలోనే వేటాడిన పిట్టలను వేలాడదీసి ఇంకో బొమ్మ వేశాడు. అది మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉంది. దారాలకూ గూఢార్థం వెతకొద్దు. పాడవకుండా అలా వేలాడదీయడం అక్కడి అలవాటు, మన ఉట్టి లాగా.

క్విన్స్ దగ్గర మొదలుపెట్టి చూపును కుడికి జరపండి. క్యాబేజీ ఇంకాస్త కిందికి, ఖర్బూజ గట్టు మీద, కీర గట్టు అంచు దాటి మన వైపుకు. అంతా ఒకే వంపు. వంటింట్లో ఏ కూరగాయా ఇంత లెక్కగా పడి ఉండదు. కీర కొసను బొటనవేలితో మూసి చూడండి, లోతు చాలావరకు పోతుంది. వెనుక కటిక చీకటి, అందుకే క్యాబేజీ ఈనె ఈనె కనిపిస్తుంది. దేవుడి పటాలు వేసిన చెయ్యి అంతే శ్రద్ధ క్యాబేజీ మీద పెట్టింది. భక్తి అని రాయాలనుకుంటే ఈ శ్రద్ధను చూపించి రాయండి.

ప్రశ్న: పళ్లెంలో జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వాటర్‌కలర్‌లో వేశాను. రొట్టె గాలిలో తేలుతున్నట్టుంది. చూసినవాళ్లేమో ‘పేదరికం’ అంటున్నారు.
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: పళ్లాన్ని పక్క నుంచి చూసినట్టు, రొట్టెను పై నుంచి చూసినట్టు వేస్తే తేలుతుంది. కాగితం మీద పళ్లెం 12 సెం.మీ. వెడల్పు, 4 ఎత్తు అయితే 9 సెం.మీ. రొట్టెకు 3 ఎత్తు చాలు. ట్యూబ్‌లైట్ ఆర్పి ఒక్క కిటికీ వెలుగే రానివ్వండి. రొట్టె పళ్లాన్ని తాకే చోట నీడ సన్నగా, ముదురుగా ఉండి దూరం పోయేకొద్దీ పలచబడాలి. నీడకు నలుపు వద్దు, నీలంలో బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలపండి. కోసిన ఉల్లిగడ్డ తడి త్వరగా ఆరుతుంది, ముందు దానికే రంగు వేయండి. మెరిసే చోట కాగితాన్ని తెల్లగా వదలండి.

పేదరికం అనిపించేది రొట్టె వల్ల కాదు, పెద్ద కాగితం మధ్యలో చిన్న పళ్లెం ఉండటం వల్ల. పళ్లెం అంచు కాగితం బయటికి పోయేంత దగ్గరగా వేయండి, ఆకలిగొన్న మనిషి ముందు పెట్టినట్టుంటుంది.