ఏటీపీ బంధం తెగితే శక్తి ఎలా వస్తుంది?

బంధాన్ని తెంచాలంటే శక్తి ఖర్చు చేయాలని రసాయనశాస్త్రం చెబుతుండగా, కణాల్లో పనులకు శక్తిని అందించే అణువైన ఏటీపీలోని చివరి ఫాస్ఫేట్ బంధం తెగితే శక్తి విడుదలవుతుందని జీవశాస్త్ర పాఠం చెబుతోందనీ, ఈ రెండింటిలో ఏది నమ్మాలనీ మీరు అడిగారు. అంత శక్తి ఉన్న ఏటీపీ నీళ్లలో ఉండి కూడా తనంతట తాను ఎందుకు విడిపోదన్నది మీ రెండో సందేహం.

మొదటి మాటనే నమ్మండి. ఏ బంధమైనా సరే, తెంచడానికి శక్తి పెట్టాలి. కొత్త బంధం ఏర్పడేటప్పుడే శక్తి బయటికి వస్తుంది. హైడ్రోజన్, క్లోరిన్ కలిసి హైడ్రోజన్ క్లోరైడ్ ఏర్పడే చర్యలో తెంచడానికి మోల్‌కు 436, 242 కిలోజౌళ్ల చొప్పున మొత్తం 678 ఖర్చవుతుంది, రెండు కొత్త బంధాల వల్ల 431 చొప్పున 862 తిరిగి వస్తుంది, మిగిలిన 184 కిలోజౌళ్లే మనకు వేడిగా తెలుస్తాయి. ఏటీపీ విషయంలోనూ లెక్క ఇదే. అక్కడ తెగేది ఒక్క ఫాస్ఫేట్ బంధమే కాదు, నీటి అణువులోని బంధం కూడా. వాటి స్థానంలో వేరే బంధాలు ఏర్పడతాయి. పక్కపక్కనే ఇరుకుగా ఉండి వికర్షించుకునే రుణావేశాలు దూరమవుతాయి, విడివడిన ఫాస్ఫేట్‌లో రెజొనెన్స్ (ఎలక్ట్రాన్లు ఎక్కువ బంధాల మీదికి విస్తరించి స్థిరత్వం ఇవ్వడం) పెరుగుతుంది, నీటి అణువులు ఆ ముక్కలను మరింత బాగా చుట్టుకుంటాయి. వీటన్నిటి నికర ఫలితంగా, ప్రమాణ పరిస్థితుల్లో మోల్‌కు సుమారు 30.5 కిలోజౌళ్ల స్వేచ్ఛాశక్తి (పనిగా మార్చుకోగల శక్తి) తగ్గుతుంది. 'అధిక శక్తి బంధం' అన్న పేరు ఈ మొత్తం లెక్కను ఒక్క బంధానికి అంటగట్టింది. చదువుకునే రోజుల్లో నేనూ ఏటీపీని బిగించి పెట్టిన స్ప్రింగు అనుకున్నాను. పరీక్షలో అలాగే రాస్తే పూర్తి మార్కులు వచ్చాయి కూడా, అందుకే ఆ అపోహ నన్ను చాలా కాలం వదలలేదు.

అది వదిలింది జీవశాస్త్రం చదివి కాదు, విద్యార్థులతో ప్రయోగశాలలో రెండు పాత ప్రయోగాలు మళ్లీ చేయించినప్పుడు. 0.2 మోలార్ కాపర్ సల్ఫేట్ ద్రావణం 50 మిల్లీలీటర్లు బీకరులో తీసుకొని అందులో జింక్ పొడి వేస్తే ఉష్ణోగ్రత దాదాపు 10 డిగ్రీలు పెరిగింది. మోల్‌కు సుమారు 218 కిలోజౌళ్లు విడుదల కావాలన్న లెక్కకు అది సరిపోయింది, కానీ ఆ వేడితో నీళ్లు గోరువెచ్చగా అయ్యాయి తప్ప ఏ పనీ జరగలేదు. అదే చర్యను రెండు పాత్రల్లోకి విడదీసి, ఎలక్ట్రాన్లు తీగ గుండా మాత్రమే వెళ్లేలా చేస్తే అది డానియల్ ఘటం అనే బ్యాటరీ, సుమారు 1.1 వోల్టులు ఇస్తుంది, చాలా నెమ్మదిగా వాడుకుంటే మోల్‌కు దాదాపు 212 కిలోజౌళ్లను పనిగా రాబట్టవచ్చు. క్రియాజనకాలు అవే, క్రియాజన్యాలు అవే, మారిందల్లా దారి.

కణం బీకరులా కాక ఘటంలా పనిచేస్తుంది. (ఇంగ్లీషులో రెండింటికీ 'సెల్' అన్న ఒకే పేరు ఉండటం కాకతాళీయమే అయినా, పాఠం చెప్పేటప్పుడు నాకు బాగా పనికొచ్చింది.) కణం లోపల అంతటా దాదాపు ఒకే ఉష్ణోగ్రత ఉంటుంది కాబట్టి ఆవిరి యంత్రంలా వేడిని పనిగా మార్చుకునే వీలు దానికి లేదు. అందుకే గ్లూకోజ్ నుంచి తీసిన ఎలక్ట్రాన్లను, వాటిని మోసుకెళ్లే అణువైన ఎన్‌ఏడీహెచ్ ద్వారా మైటోకాండ్రియా పొరలోని ప్రోటీన్ల వరుస గుండా ఆక్సిజన్ దాకా మెట్టు మెట్టుగా దింపుతుంది. ఆ రెండు కొసల మధ్య ప్రమాణ విభవ భేదం 1.14 వోల్టులు, అంటే దాదాపు డానియల్ ఘటం అంత. ఎలక్ట్రాన్లు దిగేటప్పుడు వచ్చే శక్తి ప్రోటాన్లను పొరకు అవతలికి తోస్తుంది, అవి వెనక్కి వచ్చేటప్పుడు ఏటీపీ తయారవుతుంది. ఈ ఆలోచనను 1961లో ప్రతిపాదించిన పీటర్ మిచెల్‌ను చాలా మంది వెంటనే ఒప్పుకోలేదు. 1978లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

రెండో ప్రయోగం గాఢతా ఘటం. రెండు వైపులా రాగి కడ్డీలే, రెండు వైపులా కాపర్ సల్ఫేటే, గాఢతలో మాత్రం పది రెట్ల తేడా. మొత్తం మీద కొత్త పదార్థమేదీ పుట్టదు, అయినా సూత్రం ప్రకారం సుమారు 30 మిల్లీవోల్టులు రావాలి. మాకు అందులో దాదాపు సగమే వచ్చింది. కాపర్ సల్ఫేట్ అయాన్లు గాఢ ద్రావణంలో ఒకదానినొకటి పట్టుకొని ఉంటాయి కాబట్టి, లెక్కించిన గాఢత అంతా పనిలోకి దిగదు. సంఖ్య ఎంతైనా, వోల్టుమీటరు ముల్లు కదిలిందన్నదే నాకు ముఖ్యం. అక్కడ శక్తిని 'దాచుకున్న' బంధం ఏదీ లేదు, సమతాస్థితికి, అంటే ఇక ఏ నికర మార్పూ జరగని స్థితికి, ఉన్న దూరం మాత్రమే ఉంది.

ఏటీపీ శక్తి రహస్యం కూడా ఆ దూరంలోనే ఉంది. కణం శ్రమపడి ఏటీపీని ఎక్కువగా, ఏడీపీని (ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ పోగా మిగిలేదాన్ని) తక్కువగా నిలుపుతుంది. సమతాస్థితితో పోలిస్తే ఆ నిష్పత్తి కోట్ల రెట్లు తేడాగా ఉంటుంది. అందువల్లే కణంలో జలవిశ్లేషణ (నీటితో ఏటీపీ విడిపోవడం) వల్ల వచ్చే స్వేచ్ఛాశక్తి 30.5 దగ్గర ఆగక మోల్‌కు 50 కిలోజౌళ్ల వరకు వెళుతుంది. అవే ఏటీపీ, ఏడీపీ, ఫాస్ఫేట్‌లను ఒక పాత్రలో సమతాస్థితికి చేరనిస్తే, మిగిలిన ఏటీపీ అణువుల్లో బంధాలు ఎప్పటిలాగే ఉన్నా వాటి నుంచి ఏ పనీ రాబట్టలేము.

ఇక మీ రెండో సందేహం. చర్య దిగువకు వెళ్లేదే అయినా ముందు ఉత్తేజన శక్తి అనే గట్టు దాటాలి. నీళ్లలో ఏటీపీకి ఆ గట్టు ఎత్తయినది కాబట్టి తటస్థ పీహెచ్ దగ్గర అది చాలా నెమ్మదిగానే విడిపోతుంది. కణంలోని ఎంజైములు తమకు పని ఉన్న చోట మాత్రమే ఆ గట్టును తగ్గిస్తాయి, అప్పుడు కూడా తరచుగా ఫాస్ఫేట్‌ను నీటికి ఇవ్వక నేరుగా గ్లూకోజ్ వంటి అణువుకు అందిస్తాయి.