బంతి పట్టలేకపోతే బాబు వెనకబడినట్టేనా?

ప్రశ్న: మా బాబుకు 7 ఏళ్లు. వాడి క్లాసులో రకరకాల దేశాల పిల్లలున్నారు. వాళ్లు బంతి ఇట్టే పట్టేస్తారు, మావాడు ప్రతిసారీ వదిలేస్తాడు. బొమ్మలు చక్కగా వేస్తాడు, గుండీలు తనే పెట్టుకుంటాడు. నడక 15వ నెలలో వచ్చింది. లోపం మా వంశంలోనే ఉందా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు నడక సంగతి చెబుతాను. అది ఆలస్యం కానే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికాల్లో పిల్లలను గమనించి 2006లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఆసరా లేకుండా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడు వచ్చినా మామూలే. వాళ్లలో సుమారు 4 శాతం మంది మోకాళ్ల మీద పాకనే లేదు, నేరుగా నడిచేశారు.

వంశాన్ని నిందించుకోకండి. కెన్యాలోని కిప్సిగిస్ తల్లులు పసివాళ్లకు కూర్చోవడం, నడవడం పనిగట్టుకుని నేర్పుతారు. ఆ రెండూ అక్కడి పిల్లలకు కాస్త ముందే వస్తాయి. ఎవరూ నేర్పని పాకడంలో మాత్రం వాళ్లేమీ ముందుండరు. పరాగ్వే అడవుల్లోని ఆచే తెగవారు అపాయమని చంటిపిల్లలను నేల మీద వదలరు. అందుకే వాళ్లకు నడక రెండేళ్లు దగ్గరపడితే గానీ రాదు. ఎనిమిది, పదేళ్లు వచ్చేసరికి ఆ పిల్లలే చకచకా చెట్లెక్కేస్తారు! ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు ధైర్యమొస్తుంది. మొదట్లో వచ్చిన తేడా అలాగే ఉండిపోవాలని లేదు.

మీ బాబు విషయానికి దగ్గరగా ఉన్నది మరొకటి. 4–6 ఏళ్ల హాంకాంగ్, అమెరికా పిల్లలను పోల్చిన అధ్యయనం 2001లో వచ్చింది. వేళ్ల పనితనంలో హాంకాంగ్ పిల్లలు, బంతి విసిరి పట్టడంలో అమెరికా పిల్లలు మెరుగ్గా ఉన్నారు. చేతికి ఏ పని అలవాటైతే అది వస్తుంది. మీ బాబుకు పెన్సిల్ అలవాటైంది, బంతి కాలేదు.

ముందు కంటి పరీక్ష చేయించండి. చూపు సరిగా ఆనకపోతే ఎంత ఆడినా బంతి చేతికి చిక్కదు. తర్వాత బెలూన్‌తో మొదలుపెట్టండి. అది నెమ్మదిగా దిగుతుంది కాబట్టి చేతులు సిద్ధం చేసుకునే వ్యవధి దొరుకుతుంది. ఆపై పెద్ద మెత్తటి బంతి, చివరికి చిన్నది. రోజూ పావుగంట చాలు. ఆ కాసేపూ మీరే ఆడండి, పక్కపిల్లలతో పోల్చే మాట ఒక్కటి కూడా వద్దు.

దీంతో పాటు 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కి, ఊపిరి వేగం పెరిగేలా ఆడాలి, పరిగెత్తాలి. 2016 నాటి లెక్కల్లో ప్రపంచవ్యాప్తంగా 11–17 ఏళ్ల వారిలో 81 శాతం మందికి అంత కదలిక లేదు. కాబట్టి మిగతా దేశాల పిల్లలందరూ దృఢంగా ఉన్నారనీ అనుకోకండి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆగకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి: వచ్చిన పని రాకుండా పోవడం, నేల మీద నుంచి లేవడానికి తొడల మీద చేతులు ఆనించుకోవడం, ఒక వైపు కాలో చెయ్యో బలహీనంగా ఉండటం, తరచూ పడిపోవడం. ఇవేవీ లేకుంటే మూడు నెలలు ఆడించి చూడండి. అప్పటికీ బంతి దగ్గరే కాక మెట్లెక్కడం, బట్టలు వేసుకోవడంలోనూ తడబడుతుంటే, కదలికల సమన్వయ లోపం ఉందేమో పరీక్షించాలి. బడి వయసు పిల్లల్లో సుమారు 5–6 శాతం మందికి అది ఉంటుంది. ఆక్యుపేషనల్ థెరపీతో, అంటే రోజువారీ పనులు సులువుగా చేసుకునేలా నిపుణులు ఇచ్చే శిక్షణతో, వాళ్లకు మంచి మార్పు వస్తుంది.