మైనర్ సంగీతమా, మైనర్‌గా సంగీతమా?

సందేహం: మాది చిన్న కాలేజీ. సంగీతానికి ఇద్దరే టీచర్లు, ఒకటే పియానో, ఎనిమిదిమందిమి విద్యార్థులం. డిగ్రీలో నాకు మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు గణితం; మైనర్, అంటే దానికి తోడుగా తీసుకున్నది సంగీతం. వయొలిన్ తీసుకున్నాను. కాలేజీ పత్రికకు వ్యాసం రాస్తూ ‘నేను మైనర్ సంగీత విద్యార్థినిని. ఒక చిన్న కాలేజీలో సంగీతం చదువుతున్నాను’ అని మొదలుపెట్టాను. స్నేహితురాలు చూసి ‘నీకింకా పద్దెనిమిది నిండలేదా?’ అని ఆటపట్టించింది. అమ్మమ్మేమో ‘సంగీతం చదవడమేమిటే, నేర్చుకోవాలి గానీ’ అంది. బాబాయి చిన్న కాలేజీ అంటే ఇంటర్ కాలేజీ అనుకున్నాడు. రెండు వాక్యాల్లో ఇన్ని తప్పులా? అసలు మైనర్‌కి తెలుగు మాట ఏమిటి?
– ఒక డిగ్రీ విద్యార్థిని

సమాధానం: తప్పులని టెన్షన్ పడకండి. మీరు వాడిన మాటలన్నీ మంచివే. ఒకటి రెండు మాత్రం కూర్చోకూడని చోట కూర్చున్నాయి. వీటిలో అసలైన ప్రశ్న మీ అమ్మమ్మగారిది. దానికి తీరిగ్గా వస్తాను.

ముందు మైనర్ సంగతి. ఈ మాట మనకు కొత్తది కాదు. దస్తావేజుల్లో ‘మైనరు’, ‘మైనారిటీ తీరిన తరువాత’ అన్న మాటలు ఏనాటి నుంచో ఉన్నాయి. ఆస్తి చూసుకుని జల్సా చేసే కుర్రాడు ‘మైనరు బాబు’ అయ్యాడు. మెళ్లో వేసుకునే గొలుసు కూడా మైనర్ చైన్ అయింది. పంచాయతీల్లోనూ మేజర్, మైనర్ ఉన్నాయి. అందుకే ఒక మనిషిని చూపించే మాటకు ముందు ‘మైనర్’ అని పెడితే తెలుగు చెవికి మొదట తోచేది వయసే. మీ స్నేహితురాలి వేళాకోళంలో భాషాజ్ఞానం ఉంది.

మీ విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. మీరు చదివేది చరిత్రో, అర్థశాస్త్రమో అయితే అర్థాలు రెండే. సంగీతం కావడంతో మూడో అర్థం వచ్చిపడింది. పాశ్చాత్య సంగీతంలో మేజర్, మైనర్ అనేవి స్కేళ్ల పేర్లు, అంటే స్వరాల వరుసల పేర్లు. మేజర్ స్కేలు స్వరాలు మన శంకరాభరణ రాగానికి సరిపోతాయి. మైనర్‌లో రకాలున్నాయి: నేచురల్ అనేది నటభైరవితో, హార్మోనిక్ అనేది కీరవాణితో, మెలోడిక్ ఆరోహణ గౌరీమనోహరితో కలుస్తాయి. తేడా గాంధారం దగ్గర, అంటే సరిగమల్లోని ‘గ’ దగ్గర మొదలవుతుంది. మేజర్‌లో పలికేది అంతర గాంధారం, మైనర్‌లో పలికేది దానికి ఒక్క మెట్టు కిందనున్న సాధారణ గాంధారం. కాబట్టి ‘మైనర్ సంగీత విద్యార్థిని’ అంటే కీరవాణి తప్ప ఇంకేమీ పాడని అమ్మాయి అని కూడా ఎవరైనా అనుకోవచ్చు!

దీనికి మందు చిన్నది: ‘గా’. ‘మైనర్‌గా సంగీతం తీసుకున్నాను’ అనండి. మైనర్ ఇక మిమ్మల్నీ అంటుకోదు, సంగీతాన్నీ అంటుకోదు. తీసుకోవడం అనే క్రియకు అంటుకుంటుంది. విశేషణాన్ని నామవాచకం పక్కన పెడితే ఇంగ్లీషులో చెల్లిపోయే చోట తెలుగు తరచూ ‘గా’ను కోరుతుంది. మాటల్లో అయితే మీరంతా ఇప్పటికే ఇలాగే అంటున్నారు. కలం పట్టుకునేసరికి గంభీరంగా ఉండాలని ఆ ‘గా’ను వదిలేస్తాం.

ఇక తెలుగు మాట. ‘అప్రధాన విషయం’ అని కొందరు రాస్తారు. నాకది అస్సలు నచ్చదు. మైనర్ స్కేలు కదా అని కీరవాణిని అప్రధాన రాగం అంటామా? ఇష్టపడి ఎంచుకున్న చదువును అప్రధానమని మన నోటితో మనమే అనడమెందుకు? ‘ఉపాంశం’ కాస్త నయం. ‘ఉప’ అంటే దగ్గర, పక్కన అని అర్థం. సంప్రదాయంలో సంగీతానికి గాంధర్వవేదమని పేరు, దాన్ని ఉపవేదాల్లో ఒకటిగా చెబుతారు. అంటే ‘ఉప’ అన్నది సంగీతానికి పరాయి మాటేమీ కాదు. కానీ ఉపాంశం అనగానే నాకు ఉపాంశువు గుర్తొస్తుంది. పక్కవాళ్లకు వినబడకుండా పెదవులు మాత్రం కదిలిస్తూ చేసే జపం అది. పాడవలసిన పిల్లకు ఆ పోలిక అంత శుభంగా లేదు.

సంగీతకారుల నోట్లో దీనికి దగ్గరి మాట ఒకటుంది: పక్కవాద్యం. కచేరీలో గాత్రం ప్రధానమైతే వయొలిన్, మృదంగం పక్కవాద్యాలు. పక్కన ఉంటాయి కనుక ఆ పేరు, అంతేగాని తక్కువవని కాదు. అయినా ‘పక్క సబ్జెక్టు’ అని రాయమని మీకు చెప్పను, అది బలవంతంగా ఉంటుంది. నిజానికి ఇక్కడ నామవాచకమే అక్కర్లేదు. ఇంగ్లీషు ఒక నామవాచకంతో చెప్పినదాన్ని తెలుగు ఒక ప్రత్యయంతో చెప్పేయగలదు: ‘గణితంతోపాటు సంగీతం’. ఏది ముఖ్యమో, ఏది దానికి తోడో ఆ ‘తోపాటు’లోనే తెలిసిపోయింది. మార్కుల జాబితాలోనో, దరఖాస్తులోనో మాత్రం మైనర్ అనే ఉంచండి. అక్కడ అనువాదం చేస్తే గుమాస్తా మళ్లీ మిమ్మల్నే పిలిచి అడుగుతాడు.

ఇప్పుడు అమ్మమ్మగారి మాట. సంగీతం చదువుతామా, నేర్చుకుంటామా?

‘చదువు’లో గొంతు లేదని కాదు. పద్యం చదివాడంటే పైకి వినిపించాడనే. మంత్రాలు చదివారంటే పలికారనే. పెళ్లిలో ఎవరేం ఇచ్చారో గట్టిగా చెప్పేవారు గనుకే వాటికి చదివింపులని పేరు. కానీ చదవాలంటే ముందే కుదిరిన మాటలు ఉండాలి. పాట అలా కాదు, అది గురువు గొంతులోంచి శిష్యుడి గొంతులోకి రావాలి. అందుకే పాతతరం వాళ్లు ‘ఆయన దగ్గర సంగీతం నేర్చుకున్నాను’ అంటారు, ‘చెప్పించుకున్నాను’ అంటారు. ‘వీణ చదివాను’ అని ఎవరూ అనరు. వీణను వాయిస్తాం, మీటుతాం. సన్నాయి ఊదుతాం. డప్పు కొడతాం. (ఈ మధ్య యంత్రానువాదాల్లో ‘ఆమె వయొలిన్ ఆడుతుంది’ అన్న వాక్యం చూశాను. బంతి ఏమైందో!)

అలాగని మీ వాక్యం కొట్టేయక్కర్లేదు. సంగీత శాస్త్రంలో లక్ష్యం, లక్షణం అని రెండు మాటలున్నాయి. బయట లక్ష్యమంటే గురి. అక్కడ మాత్రం పాడి, వాయించి చూపించేది లక్ష్యం. స్వరాలు, తాళాలు, రాగాల నియమాలు వివరించేది లక్షణం. లక్షణాన్ని చదవవచ్చు, పరీక్ష రాయవచ్చు. లక్ష్యాన్ని మాత్రం నేర్చుకోవాల్సిందే. కాలేజీ సంగీతంలో సాధారణంగా రెండూ ఉంటాయి. ఒక గంట బల్ల ముందు కూర్చుని సిద్ధాంతమో చరిత్రో వింటారు, ఇంకో గంట సాధన గదిలో కమాను పట్టుకుంటారు. కాబట్టి కోర్సును చదవండి, వయొలిన్‌ను నేర్చుకోండి. అమ్మమ్మగారిదీ ఒప్పే, మీదీ ఒప్పే. ఒకరు చేతిని చూసి మాట్లాడారు, ఒకరు పుస్తకాన్ని చూసి.

ఒక చిన్న సవరణ. ‘చదువుతున్నాను’ కన్నా ‘చదువుకుంటున్నాను’ ఇక్కడ అందంగా ఉంటుంది. పుస్తకం ఎవరైనా చదువుతారు. ‘చదువుకున్నవాడు’ అన్నప్పుడు మాత్రం ఆ చదువు మనిషికి చెందింది. ఆ ‘కొను’ చేసే పని అదే, ‘నేర్చుకొను’లో ఉన్నదీ అదే.

చిన్న కాలేజీ విషయంలో బాబాయిగారిని తప్పుపట్టలేం. మనకు చిన్నబడి అంటే చిన్న తరగతులున్న బడి, పెద్ద చదువులు అంటే పై చదువులు. విద్య దగ్గరికి వచ్చేసరికి చిన్న, పెద్ద అనే మాటలు సంఖ్యను కాక స్థాయిని చెబుతాయి. మీరు చెప్పదలచుకున్నది ఎంతమంది ఉన్నారన్నది. సందేహంలో ఆ పని మీరే చక్కగా చేశారు: ‘ఇద్దరే టీచర్లు, ఒకటే పియానో’. ఆ రెండు ‘ఏ’కారాలు చెప్పినంత ‘చిన్న’ చెప్పలేదు. వ్యాసం వాటితోనే మొదలుపెట్టండి:

‘మా కాలేజీలో సంగీతానికి ఇద్దరే టీచర్లు, ఒకటే పియానో. అక్కడ గణితంతోపాటు సంగీతం చదువుకుంటున్నాను, వయొలిన్ నేర్చుకుంటున్నాను.’

ఇది చదివి అమ్మమ్మగారు ‘అయితే నీకు వయొలిన్ వచ్చా?’ అని తప్పక అడుగుతారు. విద్య పట్టుబడిందా అని అడగడానికి తెలుగులో ఉన్న క్రియ అది. ‘వచ్చు’ అని వెంటనే చెప్పడానికి జంకితే ‘వస్తోంది’ అనండి.