అనుమానం చాలు, ఆధారం వెతకడం మీ పని కాదు

పిల్లల అక్రమ రవాణా గురించి గోదావరి జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాలకు బాలల చట్టాల మీద పనిచేస్తున్న న్యాయవాదులు, సంక్షేమ కార్యకర్తలు ఇచ్చిన జవాబులివి. రాసినవారి పేర్లూ, పల్లెల పేర్లూ తీసేశాం.

ప్ర: మాది రాజోలు దగ్గర పల్లె. హైస్కూల్లో టీచర్ని. తొమ్మిదో తరగతి పిల్ల సంక్రాంతి సెలవుల తర్వాత బడికి రావడం లేదు. పక్కూరి ఆవిడ హైదరాబాదులో ఇంటిపనికి పెడతానని తీసుకెళ్లిందట. వాళ్లమ్మ చేతిలో పది వేలు పెట్టిందట. "కన్నతల్లే పంపింది, మనకెందుకండీ" అంటున్నారు స్టాఫ్‌రూములో. ఫిర్యాదు చేద్దామంటే నా దగ్గర ఆధారం ఏముంది? అసలు చెప్పి తీరాలా?

జ: మీ ఉత్తరంలో అన్నిటికన్నా గట్టి మాట ఆ పది వేలే. దోపిడీ కోసం ఒకరిని తరలించడానికి, వాళ్ల మీద అదుపున్నవారికి డబ్బిచ్చి ఒప్పించడం కూడా భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ప్రకారం అక్రమ రవాణాయే. తల్లి ఒప్పుకుంది, పిల్ల తనంతట తానే వెళ్లింది అన్న మాటలు అక్కడ చెల్లవు. బాధితులు పిల్లలైతే శిక్ష పదేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా వెళ్తుంది.

చెప్పి తీరాలా అన్నది మీ రెండో సందేహం. ఇందులో చాలామంది తికమక పడతారు. పిల్లపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం ఉన్నా పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలో, జరిమానానో, రెండూనో. తన కింద పనిచేసేవారు చేసిన నేరాన్ని సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది వరకూ జైలు, జరిమానా. దిక్కులేకుండా, తప్పిపోయి, ఒంటరిగా కనిపించిన పిల్లల విషయంలో బాలల న్యాయ చట్టం 32వ సెక్షన్ 24 గంటల గడువు పెట్టింది. ఇంటిపనికి పంపేశారన్న అనుమానం ఒక్కటే ఉంటే, చెప్పనందుకు మీకు శిక్ష పడకపోవచ్చు. అయినా చెప్పండి. ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఇక్కడ కూర్చుని మనకెవరికీ తెలియదు. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద కేసులు ఉండవని పోక్సో చట్టంలోనే రాసి ఉంది.

ఫోను చేసే ముందు అడ్మిషన్ రిజిస్టరు తెరవండి. పిల్ల పుట్టిన తేదీ, అడ్మిషన్ నంబరు, ఆఖరుసారి హాజరైన రోజు ఒక కాగితం మీద రాసుకోండి. ఆ రిజిస్టరే రేపు కోర్టులో వయసుకు రుజువు. తర్వాత పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయండి. పిల్ల ప్రమాదంలో ఉందనిపిస్తే అత్యవసర నంబరు 112. తీసుకెళ్లినావిడ ఎవరు, ఆమె ఫోన్ నంబరు, ఏ రోజు, బస్సా రైలా, ఎక్కడ ఎక్కారు, ఎక్కడికన్నారు, ఇవి చెప్పండి. తెలియనిది తెలియదనండి, ఊహించి చెప్పొద్దు. ఫోను చేసిన సమయం, ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి. పోక్సో చట్టం సమాచారం పోలీసులకే ఇవ్వాలంటుంది కాబట్టి లైంగిక నేరం అనుమానం ఉన్నప్పుడు 1098తో ఆగకుండా స్టేషనుకు కూడా రాసివ్వండి. ప్రతి స్టేషనులోనూ బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉంటారు. ఒక నకలు జిల్లా బాలల పరిరక్షణ యూనిట్‌కు పంపండి.

"హైదరాబాదు మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషనైనా రాసుకోవాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. రాసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. తల్లి ఫిర్యాదు చేయడం లేదన్నది కారణం కాదు. ఎవరు చెప్పినా చెల్లుతుంది.

ఒక్క పని మాత్రం చేయకండి. నిజమో కాదో కనుక్కుందామని ఆ మధ్యవర్తికి ఫోను చేయడం. సాయంత్రానికి ఆమె నంబరు మారిపోతుంది, పిల్ల ఇల్లు మారిపోతుంది. పెద్దమనుషుల దగ్గర పంచాయితీ పెట్టినా ఇదే జరుగుతుంది. పిల్ల ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం ఇంకో తప్పు. బాధిత పిల్లల వివరాలు బయటపెడితే బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలో, రెండు లక్షల దాకా జరిమానానో, రెండూనో.

ప్ర: భీమవరంలో లాడ్జీ రిసెప్షన్‌లో పనిచేస్తాను. అనుమానం వస్తే ఓనరుగారికి చెప్తే సరిపోతుందా?

జ: సరిపోదు. పోక్సో 19వ సెక్షన్ బాధ్యత మీదీ, ఓనరుగారిదీ విడివిడిగా. ఆయనకు చెప్పడం ఆఫీసు మర్యాద, పోలీసులకు చెప్పడం చట్టం. గదిలో ఉన్నది పిల్ల అనిపిస్తే తలుపు కొట్టి గొడవపడకుండా 112కి చేయండి. గది ఇచ్చినప్పుడు తీసుకున్న గుర్తింపు కార్డు నకలు, రిజిస్టరు పేజీ, సీసీ కెమెరా రికార్డు చెరిగిపోకుండా చూడండి. చాలా కెమెరాల్లో కొద్ది రోజులకే పాత దాని మీద కొత్తది పడిపోతుంది.

ప్ర: కొవ్వూరు వైపు గోదావరి గట్టు పక్కన ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలుంటాయి. నేను ఊళ్లో ఆర్‌ఎంపీని. పదేళ్ల పిల్లలు తెల్లారకముందే పచ్చి ఇటుకలు తిరగేస్తుంటారు. సంత రోజు తప్ప ఎవర్నీ బయటికి రానివ్వరు. తల్లిదండ్రుల దగ్గరే ఉన్నారు కదా, ఇది అక్రమ రవాణా ఎలా అవుతుంది? పోయినేడు అధికారులొచ్చి పిల్లల్ని పంపేశారు. ఈ ఏడు మళ్లీ పిల్లలు కనిపిస్తున్నారు.

జ: పోయినేడు ఏం జరిగి ఉంటుందో మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. బాలకార్మికుల కేసు ఒక్కటే రాశారు. ఆ చట్టంలో జరిమానా 20 వేల నుంచి 50 వేలు. కుటుంబాన్ని రైలెక్కించారు. అడ్వాన్సు బాకీ మాత్రం కూలీలను తెచ్చే సర్దారు పుస్తకంలో అలాగే ఉంది. అది ఉన్నన్నాళ్లూ సీజనుకో కొత్త జట్టు దిగుతుంది.

బట్టీ లెక్క వెయ్యి ఇటుకలకు ఇంతని కుటుంబానికి కడతారు. అందుకే మస్టర్లో పిల్లల పేర్లుండవు, పని మాత్రం ఉంటుంది. అడ్వాన్సిచ్చి, అది తీరేదాకా కదలనివ్వకుండా చేయించే పని వెట్టిచాకిరి. 1976 నాటి చట్టం దాన్ని రద్దు చేసింది. ఆ బాకీ కూడా చట్టరీత్యా రద్దైపోయినట్టే. తల్లిదండ్రులు పక్కనుండటం వల్ల ఇది మారదు, వాళ్లూ బాధితులే.

కాబట్టి ఫిర్యాదులో "బాలకార్మికులు" అని మాత్రమే రాయకండి. అడ్వాన్సు ఎంత, ఎవరిచ్చారు, బయటికి పోనివ్వడం లేదన్న మాట, ఫోన్లూ ఆధార్ కార్డులూ లాక్కున్నారా, ఇవి రాసి "వెట్టిచాకిరి" అన్న పదం తప్పక పెట్టండి. ఆర్డీఓకూ కలెక్టరుకూ ఇవ్వండి, లేబర్ ఆఫీసుకూ బాలల సంక్షేమ కమిటీకీ నకళ్లు. బట్టీ ఏదో చెప్పడానికి ఇటుక మధ్య గుంతలో అచ్చేసిన అక్షరాలు చాలు, బట్టీకో అచ్చుంటుంది. వారం ఖర్చులు రాసే చిన్న పుస్తకం ప్రతి కుటుంబం దగ్గరా ఉంటుంది. మీ దగ్గరికి మందులకొచ్చినప్పుడు వాళ్లు ఇష్టంగా చూపిస్తే పేజీ ఫొటో తీసుకోండి. మీ మందుల చీటీల నకళ్లు, తేదీలతో సహా, పనికొస్తాయి.

అధికారులు వెళ్లేది పొద్దున్న అయ్యేలా అడగండి. సాయంత్రమైతే వాంగ్మూలాలు సగంలో ఆగిపోతాయి, రాత్రికి కుటుంబాల్ని ఎక్కడుంచాలో తెలియక వెనక్కి పంపుతారు. కబురు ముందే పొక్కితే లారీ ఎక్కించి ఇంకో బట్టీకి తోలేస్తారు. అన్నిటికన్నా ఎక్కువగా చెడేది భాష దగ్గర. ఒడియా వచ్చినవారు లేరని బట్టీ మేస్త్రీ చేతే మాట్లాడిస్తారు. అతను "అందరూ బాగున్నామంటున్నారు సార్" అంటాడు, కాగితం మీద అదే ఎక్కుతుంది. కలెక్టరాఫీసు ద్వారా బయటి దుబాసీని అడగండి.

అక్కడి నుంచి కదిలేలోగా చేతిలో ఉండాల్సింది విడుదల ధ్రువపత్రం. ఆర్డీఓ సంతకంతో, పెద్దలకూ పిల్లలకూ ఎవరిది వారికి. కేంద్ర పునరావాస పథకంలో తక్షణ సాయం 30 వేల దాకా ఉంటుంది, శిక్ష పడేదాకా ఆగక్కర్లేదు. తర్వాతి సాయం మగవారికి లక్ష, స్త్రీలకూ పిల్లలకూ రెండు లక్షలు, అక్రమ రవాణా వంటి తీవ్రమైన కేసుల్లో మూడు లక్షలు. ఇది చాలావరకు కేసు ఫలితంతో ముడిపడి ఉంటుంది. ధ్రువపత్రం లేకుండా రైలెక్కితే ఒడిశాలో ఏ ఆఫీసూ వాళ్లను గుర్తించదు. విడిగా కమిటీ ముందుకు వచ్చిన పిల్లల్ని సొంత జిల్లా కమిటీకి అప్పగించేటప్పుడు పోలీసు తోడు ఇవ్వాలి, ఆడపిల్లకైతే మహిళా పోలీసు.

ప్ర: మా అమ్మాయికి పదిహేనేళ్లు. పోలీసులు తీసుకొచ్చి హోమ్‌లో పెట్టి మూడు వారాలైంది. కేసు పోక్సో అన్నారు. ఎప్పుడడిగినా "కమిటీ చూడాలి" అంటున్నారు. నా బిడ్డను నాకెందుకివ్వరు? ఖర్చులకు ఏమైనా ఇస్తారా?

జ: అమ్మా, మీ బిడ్డను మీకు దూరం చేయడానికి కాదు. తీసుకెళ్లినవాడు మీ ఇంటికి రాకపోకలున్నవాడైతే పిల్ల మళ్లీ వాడి చేతికే పోతుందని. అందుకే బాలల సంక్షేమ కమిటీ ఒకరిని మీ ఇంటికి పంపి విచారిస్తుంది. ఆ నివేదికకు గడువు 15 రోజులు, మొత్తం నిర్ణయానికి నాలుగు నెలలు. మీకు మూడు వారాలైంది కాబట్టి ఇంటికి ఎవరూ రాకపోతే ఎందుకు రాలేదని కాగితం మీద అడగండి. పట్టించుకోకపోతే కలెక్టరుకు ఫిర్యాదు చేయొచ్చు. ఆదేశం అన్యాయంగా ఉందనిపిస్తే 30 రోజుల్లో బాలల కోర్టులో అప్పీలు.

డబ్బు సంగతి. తిండికి, బట్టలకు, రాకపోకలకు తక్షణ సాయం ఇవ్వాలని కమిటీ సిఫార్సు చేస్తే వారంలో చెల్లించాలని 2020 పోక్సో నిబంధనలు చెబుతున్నాయి. అడగకపోతే ఇది అందకపోవచ్చు. పరిహారం వేరు. ఎఫ్‌ఐఆర్ అయ్యాక ఏ దశలోనైనా ప్రత్యేక కోర్టు మధ్యంతర పరిహారం ఇవ్వొచ్చు, నిందితుడు దొరక్కపోయినా సరే. దరఖాస్తు రాయడానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది, ఫోను 15100. బిడ్డ ఇంటికొచ్చాక బడి మానకుండా నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది, పల్లెల్లో ఏడాది ఆదాయం 72 వేలు దాటకూడదు. ఆదాయ పత్రం, స్టడీ సర్టిఫికెట్, బిడ్డ పేర బ్యాంకు ఖాతా సిద్ధం చేసుకుని బాలల పరిరక్షణ యూనిట్‌లో ఇవ్వండి.

కోర్టు అయ్యేదాకా వెంట ఉండే సహాయక వ్యక్తిని కూడా కమిటీ ఇస్తుంది. పేరు, ఫోను అడిగి తీసుకోండి. రాజీ పడదామని ఎవరైనా తెల్లకాగితం తెస్తే వేలిముద్ర వేయకండి.

ప్ర: అమలాపురం దగ్గర మా బంధువుల పిల్లకు పదిహేడు. కువైట్ పంపుతామని ఏజెంటు ఆధార్‌లో వయసు మార్పించి పాస్‌పోర్టుకు పెట్టించాడు. ఇంకా వెళ్లలేదు. ఇప్పుడే చెప్పొచ్చా?

జ: ఇప్పుడే చెప్పాలి. విమానం ఎక్కాక పని పదింతలవుతుంది. ఇంటిపనికి గల్ఫ్ వెళ్లే మహిళలకు, వలస అనుమతి అవసరమైన పాస్‌పోర్టు అయితే, 30 ఏళ్లు నిండాలి. వయసు పెంచేది అందుకే. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. బాలల న్యాయ చట్టంలో బడి సర్టిఫికెట్‌దే మొదటి స్థానం, తర్వాత పంచాయతీ జనన ధ్రువపత్రం, రెండూ లేకపోతేనే వైద్య పరీక్ష. బడికెళ్లి పుట్టిన తేదీ ధ్రువీకరణ తీసుకుని, ఏజెంటు పేరు, టిక్కెట్ తేదీ జతచేసి ఎస్పీ ఆఫీసులో మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి ఇవ్వండి, 1098కీ చెప్పండి. పిల్ల పాస్‌పోర్టు ఏజెంటు చేతిలో ఉంటే ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాయండి.