ఇద్దరు హీరోలని పక్కపక్కన పెట్టేముందు

సత్యనారాయణపురం,
విజయవాడ.

ప్రియమైన అమ్మాయికి ఆశీస్సులు.

బ్రాడీపేట నుంచి నువ్వు పంపిన వ్యాసం చేరింది. ఒకటికి రెండుసార్లు చదివాను. విజయ్ దేవరకొండని, నవీన్ పొలిశెట్టిని పక్కపక్కన పెట్టి రాయాలన్న ఆలోచన చాలా మంచిది. వ్యాసం మాత్రం ఇంకా అవ్వలేదమ్మా. నీకు రాసే చెయ్యి ఉందని మొదటి పేరాలోనే తెలిసిపోయింది కాబట్టి, ఎందుకు అవ్వలేదో కాస్త వివరంగానే చెబుతాను.

సగానికి పైగా వసూళ్లే రాశావు. కృష్ణాలో ఎంత షేర్ (వసూళ్లలో డిస్ట్రిబ్యూటర్ వాటా), గుంటూరులో ఎంత, నైజాంలో, అంటే తెలంగాణ వైపు, ఎంత. గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్లకి ఆ లెక్కలు కావాలి, వాళ్ల డబ్బు అందులో ఉంది. నటుల గురించి రాసేవాళ్లకి వాటితో పని తక్కువ. పోనీ లెక్కలైనా ఒకదానితో ఒకటి పోల్చే లెక్కలా? 'గీత గోవిందం' 2018 ఆగస్టు 15న, సెలవు రోజున వచ్చింది. 'జాతిరత్నాలు' 2021 మార్చి 11న శివరాత్రికి వచ్చింది. కరోనా కాస్త తగ్గి, జనం ధైర్యం చేసి మళ్లీ హాళ్లకి వస్తున్న రోజులవి. ఆ మరుసటి నెలలోనే మన రాష్ట్రంలో టికెట్ రేట్లు తగ్గించారు, 2022లో మళ్లీ పెంచారు. ఇవేవీ చెప్పకుండా రెండు అంకెలు చూపించి ఇతను ముందున్నాడు, అతను వెనకున్నాడు అంటే, నటన గురించి ఒక్క ముక్కా చెప్పనట్టే. ఆ భాగం మొత్తం తీసెయ్యి.

ఇద్దరూ ఎక్కడ కలిశారో అక్కడ మొదలుపెట్టు. ఇద్దరూ 1989లో పుట్టినవాళ్లే. ఇద్దరూ శేఖర్ కమ్ముల 'లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్' (2012)లో చిన్న పాత్రల్లో కనిపిస్తారు. ఆ సినిమాకి సహాయ దర్శకుడిగా పనిచేసిన నాగ్ అశ్విన్, తర్వాత తన మొదటి సినిమా 'ఎవడే సుబ్రమణ్యం' (2015)లో విజయ్‌కి రిషి పాత్ర ఇచ్చాడు. నవీన్ హీరోగా 'జాతిరత్నాలు' తీసినప్పుడు నిర్మాత కూడా ఆయనే. ఒకే సినిమాలో గుంపులో నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లు పదేళ్లలో ఇంత దూరం ఎలా వెళ్లారన్నది అడగాల్సిన ప్రశ్న. నీ వ్యాసంలో ఆ సినిమా పేరే లేదు.

ఇక దారులు చూడు. విజయ్‌కి 2016లో 'పెళ్లి చూపులు' వచ్చింది, మరుసటి ఏడాది 'అర్జున్ రెడ్డి'. 2018 ఒక్క ఏడాదిలోనే అతని సినిమాలు ఐదు వచ్చాయి. నవీన్ చిన్నా చితకా వేషాలు వేసి, ముంబైలోనూ పనిచేసి, 2017లో ఇంజినీరింగ్ క్యాంపస్ ఇంటర్వ్యూల మీద వచ్చిన హిందీ వీడియోతో దేశమంతా తెలిసి, 2019కి గానీ 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'తో తెలుగులో హీరో కాలేదు. ఆ సినిమా స్క్రీన్‌ప్లేలో దర్శకుడు స్వరూప్‌తో పాటు నవీన్ చెయ్యి కూడా ఉంది. ఇక్కడ ఆగి ఆలోచించు. విజయ్ కెరీర్ అంతా ఒక్కో దర్శకుడు అతనిలో ఒక్కో మనిషిని చూడటం. 'పెళ్లి చూపులు'లో తరుణ్ భాస్కర్ ఒకలా చూశాడు, 'అర్జున్ రెడ్డి'లో సందీప్ రెడ్డి వంగా ఒకలా చూశాడు, 'గీత గోవిందం'లో పరశురామ్ ఇంకోలా చూశాడు. నవీన్ తన పాత్రని తనూ కూర్చుని రాసుకునే రకం. అలాంటివాడికి సినిమాలు తక్కువే వస్తాయి. నువ్వు మాత్రం 'నవీన్ వేగం పెంచాలి' అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. 2024లో అమెరికాలో ప్రమాదం జరిగి అతని చెయ్యి విరిగింది, కోలుకోవడానికి నెలలు పట్టింది. గ్యాప్ కనిపించగానే తీర్పు ఇవ్వకు, ఆ గ్యాప్‌లో ఏం జరిగిందో కనుక్కో.

రిలీజ్ తేదీల విషయంలోనూ ఇదే జాగ్రత్త. 'ఏ మంత్రం వేసావె' 2018లో వచ్చింది కాబట్టి 'అర్జున్ రెడ్డి' తర్వాత విజయ్ వెనక్కి వెళ్లాడని రాశావు. అది ఎప్పుడో తీసి, ఆగిపోయి, అతనికి పేరొచ్చాక బయటికి వచ్చిన సినిమా. సినిమాలు వచ్చిన వరస వేరు, నటుడు వాటిని చేసిన వరస వేరు. నటుడు ఎదిగాడా లేదా అని చెప్పాలంటే రెండో వరస కావాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నువ్వు నటన గురించి రాసిన చోటల్లా 'ఇరగదీశాడు', 'జీవించేశాడు', 'టైమింగ్ అదుర్స్' అన్నావు. ఆ మాటలు ఇద్దరికీ సరిపోతాయి, మూడోవాడికీ సరిపోతాయి. ఇద్దరు నటుల తేడా కనిపించాలంటే ఇద్దరినీ ఒకే పరిస్థితిలో పెట్టి చూడాలి. మన అదృష్టం, వీళ్లిద్దరి విషయంలో అలాంటి పరిస్థితి తయారుగా ఉంది. హీరో పక్కన ఉండే స్నేహితుణ్ని చూడు.

'పెళ్లి చూపులు'లో విజయ్ స్నేహితుడు ప్రియదర్శి. 'అర్జున్ రెడ్డి'లో రాహుల్ రామకృష్ణ. ఈ ఇద్దరూ 'జాతిరత్నాలు'లో నవీన్‌కి స్నేహితులు. పక్కనున్న మనుషులు వాళ్లే, మధ్యలో హీరో మారాడు. ఇంతకన్నా మంచి అవకాశం సినిమా గురించి రాసేవాడికి దొరకదు.

'పెళ్లి చూపులు'లో నవ్వులన్నీ ప్రియదర్శి పట్టుకుపోతాడు. అతను మాట్లాడుతుంటే విజయ్ ఏం చేస్తున్నాడో చూశావా? దాదాపు ఏమీ చెయ్యడు. పక్కన కూర్చుని, కాస్త బద్ధకంగా, అలవాటైన నసని భరిస్తున్నవాడిలా ఉంటాడు. డైలాగ్ మీద డైలాగ్ వేసి నవ్వు లాక్కోవాలని చూడడు. పెళ్లిచూపుల్లో గది తలుపు ఇరుక్కుపోయి అతనూ రీతూ వర్మా లోపల ఉండిపోయిన సీన్ మళ్లీ పెట్టుకో. ఈసారి ఆ అమ్మాయి మాట్లాడుతున్నప్పుడు అతని మొహమే చూడు, ఆమె వైపు చూడకు. వింటున్నాడు. వింటున్నట్టు నటించడం మన హీరోల్లో చాలామందికి రాదు, తమ వంతు డైలాగ్ కోసం ఎదురుచూస్తూ నిలబడతారు. అతను వేసిన ప్రశాంత్ పాత్ర మీద మనకి ఇష్టం పుట్టేది అతను చెప్పిన మాటల వల్ల కాదు, ఆ వినడం వల్ల.

'అర్జున్ రెడ్డి'లో ఇది పూర్తిగా తిరగబడింది. అక్కడ రాహుల్ రామకృష్ణ చేసిన శివ, హీరో చుట్టూ తిరుగుతాడు, తిడతాడు, సంభాళిస్తాడు, వెంటేసుకుని ఇంటికి తీసుకెళ్తాడు. అర్జున్ ఎవరి మాటా వినడు. ఏడాది కిందట వినడమే బలంగా ఉన్న నటుడు, వినని మనిషిగా అంతే నమ్మకంగా నిలబడ్డాడు. ఇదీ రాయాల్సిన సంగతి.

'జాతిరత్నాలు'కి వచ్చేసరికి అదే ప్రియదర్శి, అదే రాహుల్ రామకృష్ణ, మధ్యలో జోగిపేట శ్రీకాంత్‌గా నవీన్. ఇక్కడ హీరో పక్కకి తప్పుకోడు, అలాగని మిగతావాళ్లని తన చుట్టూ తిప్పుకోడు కూడా. ముగ్గురూ ఒకే మాటని చేతులు మార్చుకుంటారు. నవీన్ వేగంగా అంటాడు, ప్రియదర్శి అర్థం కానట్టు చూస్తాడు, రాహుల్ ఇంకో అడుగు ముందుకేసి దాన్ని పాడుచేస్తాడు. బ్రహ్మానందం జడ్జిగా కూర్చున్న కోర్టు సీన్‌లో మొదటిసారి జడ్జిని మర్చిపోయి నవీన్‌నే చూడు, రెండోసారి మిగతా ఇద్దర్నీ చూడు. నవ్వు ఎవరి దగ్గర పుట్టి ఎవరి దగ్గర పేలుతోందో కాగితం మీద గీసుకో. ఆ కాగితమే నీ వ్యాసానికి వెన్నెముక అవుతుంది.

మాట విషయానికి వద్దాం. ఇద్దరిదీ మాట బలమే. విజయ్‌ది ఆగి ఆగి, చివరి మాట కాస్త సాగదీసి అనే తీరు. నవీన్‌ది ఊపిరి తీసుకోకుండా దొర్లించే తీరు. అది అందరికీ తెలుసు. ఆ బలాన్ని లాగేసినప్పుడు ఒక్కొక్కరూ ఏమయ్యారో చూడాలి. 'లైగర్' (2022)లో విజయ్ పాత్రకి నత్తి పెట్టారు. ఒళ్లు బ్రహ్మాండంగా పెంచాడు, కష్టపడ్డాడు, కానీ అతని ఆగి మాట్లాడే అందాన్ని ఆ నత్తి తినేసింది. ఆగడం అతను ఎంచుకున్నట్టు కాక, పాత్ర అతని మీద రుద్దినట్టు అయింది. ఆ సినిమా బాగోకపోవడానికి వేరే కారణాలు చాలా ఉన్నాయిలే. నటుడి వైపు నుంచి చూస్తే నాకు కనిపించేది ఇది. అదే విజయ్ 'కింగ్‌డమ్' (2025)లో మాటలు తగ్గించి, తల వంచుకుని పనిచేసిన చోట్ల బాగున్నాడు, ఎందుకంటే అక్కడి మౌనం అతనిదే.

నవీన్ సంగతి 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'లో ఉంది. నెల్లూరులో డిటెక్టివ్‌నని చెప్పుకుంటూ గడగడా వాగే మనిషి. తల్లి పోయిందని తెలిసి ఊరికి చేరేసరికి అంత్యక్రియలు అయిపోయి ఉంటాయి. అప్పటిదాకా హాలు నవ్వుతూనే ఉంటుంది. ఆ వాగుడంతా ఆగిపోయినప్పుడు, ఆ మనిషి ఇన్నాళ్లూ దేన్ని కప్పుకోవడానికి మాట్లాడుతున్నాడో మనకి తెలుస్తుంది. 'మిస్ శెట్టి మిస్టర్ పొలిశెట్టి'లో స్టాండప్ కమెడియన్ సిద్ధు కూడా అంతే, గుండెలో గుచ్చుకున్నప్పుడల్లా జోకు వేస్తాడు. అది రెండుసార్లు పనిచేసింది. మూడోసారి కూడా పనిచేస్తుందా, జోకు అవసరం లేని పాత్ర అతను రాసుకోగలడా అన్న ప్రశ్న నీ వ్యాసంలో ఉండాలి. అభిమానులకి నచ్చదని దాటెయ్యకు.

ఇంకో జత చెబుతాను, ఇది మాత్రం తప్పకుండా వాడుకో. 2023 సెప్టెంబర్ 1న 'ఖుషి' వచ్చింది, 7న 'మిస్ శెట్టి మిస్టర్ పొలిశెట్టి'. వారం తేడా. రెండూ ప్రేమకథలే. రెండింట్లోనూ హీరో పక్కన తనకన్నా ముందు స్టార్ అయిన హీరోయిన్. విప్లవ్‌గా విజయ్ సమంత పక్కన తన హీరోతనాన్ని కొంచెం తగ్గించుకుంటాడు, పూర్తిగా వదలడు. అనుష్క పక్కన నవీన్‌కి ఆ బరువే లేదు. పెళ్లి వద్దు, బిడ్డ కావాలి అనే ఆడమనిషి ఎదురైనప్పుడు మగవాడి కంగారు మొత్తం దాచుకోకుండా చూపిస్తాడు. ఆ రెండు సినిమాల మీద రెండు పేజీలు రాస్తే చాలు, నువ్వు చెప్పాలనుకున్నది చాలావరకు చెప్పేసినట్టే.

'అర్జున్ రెడ్డి' గురించి నువ్వు కోపంగా రాశావు. ప్రీతి మీద ఆ పెత్తనం, చెయ్యి చేసుకోవడం నీకు మండిపోయింది. ఆ కోపాన్ని ఒక్క అక్షరం కూడా తగ్గించకు. చాలామంది మగ విమర్శకులు దాటేసిన చోట నువ్వు ఆగావు, నాకు సంతోషం వేసింది. అయితే ఆ కోపం ఎవరి మీదో తేల్చుకో. పాత్ర మీదా, ఆ పాత్రని మెచ్చుకుంటూ తీసిన సినిమా మీదా, నటుడి మీదా? నీ వ్యాసంలో మూడూ కలిసిపోయి చివరికి విజయ్ అనే మనిషి దోషిగా నిలబడ్డాడు. మరుసటి ఏడాదే అతను 'గీత గోవిందం'లో గోవింద్‌గా 'మేడమ్ మేడమ్' అంటూ హీరోయిన్ వెనక బతిమాలుకుంటూ తిరిగాడు. అర్జున్‌కి ఈలలు వేసినవాళ్లే గోవింద్‌కీ వేశారు. పాత్రతో నీకున్న గొడవని దర్శకుడితో తేల్చుకో, నటుణ్ని మాత్రం ఆ పాత్రని ఎంత నమ్మించాడన్న దాని మీదే తూకం వెయ్యి. 'అర్జున్ రెడ్డి' అంత పెద్ద హిట్ అయ్యాక 'మహానటి'లో ఫొటోగ్రాఫర్‌గా చిన్న పాత్రలో కనిపించిన సంగతి కూడా అక్కడే రాయి, న్యాయంగా ఉంటుంది.

యాస గురించి మనవాళ్లు ఎవరూ సరిగ్గా రాయడం లేదు, గుంటూరు అమ్మాయివి నువ్వు రాయగలవు. హైదరాబాద్ కుర్రాడు 'డియర్ కామ్రేడ్'లో కాకినాడ స్టూడెంట్ లీడర్ బాబీ అయ్యాడు. మామూలు మాటల్లో నా చెవికి తేడా తెలిసింది, కోపం వచ్చిన చోట్ల తెలియలేదు. నీ చెవికి ఎలా ఉందో చెప్పు.

ఇక అచ్చయ్యాక ఏం జరుగుతుందో చెబుతాను. ఇద్దరి అభిమానులూ తిడతారు. కులం, జిల్లా, ఆడపిల్లవన్న మాట, అన్నీ తెస్తారు. వాటికి జవాబు రాస్తూ కూర్చోకు. ఎవరైనా ఫలానా సినిమా ఫలానా ఏడాది కాదని చూపిస్తే మాత్రం వెంటనే సరిచేసి, చూపించినవాళ్లకి థ్యాంక్స్ చెప్పు.

'జాతిరత్నాలు' కోర్టు సీన్‌తోనే మొదలుపెట్టు. ఆ కాగితం గీసుకుని, రాసిన మొదటి రెండు పేజీలు నాకు పంపు, మిగతాది తర్వాత చూద్దాం. ఈ నెలాఖరుకి పంపగలిగితే మంచిది, వచ్చే నెల నేను ఊళ్లో ఉండను. నాన్నగారికి నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మాస్టారు